తొమ్మిదో కార్డు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ చర్చిలో ఇచ్చారు. ప్రతి పేజీ పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. కింద మిగిలిన చోటు నా గోలకి. జనవరి అంతా ఖాళీగా వదిలేశాను. ఇవాళ రాయక తప్పేట్టు లేదు.

మా కార్ల పెయింటింగ్ షెడ్డుకి ఒక బండి వచ్చింది. రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు, పసుపు రంగు. మౌలాలి రోడ్డు స్పీడ్ బ్రేకర్లు దాటలేదని ట్రక్కు మీద ఎక్కించి తెచ్చారు. రోడ్డు మీద నడవలేని బండికి రంగు ఒకటి. ఓనరు పేరు హరికిషన్, టైల్స్ వ్యాపారం, నలభై దాటి ఉంటాయి. పసుపు తీసేసి ఎరుపు కొట్టాలన్నాడు. ఏ ఎరుపు సార్ అని షేడ్ పుస్తకం తెరిచాను. అందులో ఎరుపులే వంద పైన. ఆయన పుస్తకం మూసేసి, జేబులోంచి చిన్న వెండి భరిణె తీసి నా చేతిలో పెట్టాడు. లోపల కుంకుమ.

గిదే కావాలె అన్నా, ఇంకోటి నడ్వదు అన్నాడు. వాళ్ళమ్మదట. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద ముందు నిలబడేవాడు. అమ్మ వెనక కూర్చునేది. హ్యాండిల్ అద్దంలో, నాన్న భుజం మీదుగా, అమ్మ బొట్టు కనబడేది. బండి అంటే నాకు గా ఎరుపే యాదికొస్తది అన్నా అన్నాడు. వాళ్ళ నాన్న పర్వతాలుగారు పోయిన శ్రావణంలో పోయారు. అప్పట్నుంచి అమ్మ బొట్టు పెట్టుకోవడం లేదు. భరిణె ఈయన తీసి దాచుకున్నాడు.

ఉన్నవాళ్ళ ముచ్చట్లు ఇలాగే ఉంటాయి అనుకోబోయాను. భరిణె మూత పెట్టేముందు ఆయన అంచుకి అంటిన పొడిని వేలితో లోపలికి తోశాడు. ఇంకేమీ అనుకోలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మూడు నమూనా కార్డులు అయ్యాయి. మూడూ కాదన్నాడు.

ఈ పనికి అడ్డదారి లేదు. టింటర్లు, అంటే ముడి రంగులు, గ్రాముల్లో తూచి కలపాలి. అరచెయ్యంత కార్డు మీద కొట్టి, పైన మెరిసే క్లియర్ కోటు వేసి, ఆరనిచ్చి, పొద్దున పదింటి ఎండలో గేటు దగ్గర నిలబడి చూడాలి. ట్యూబ్ లైటు కింద ఎరుపు ఒట్టి అబద్ధాలకోరు. భరిణె పక్కన కార్డు పెట్టి చూశాను. అచ్చం అదే. ఆషర్‌ని పిలిచి చూపించాను. ఆషర్ మా స్ప్రే పెయింటరు, కుర్ర కళ్ళు. సేమ్ టు సేమ్ అన్నాడు. హరికిషన్ వచ్చి చూసి, గిది కాదన్నా, జెర మంచిగ సూడు అన్నాడు.

మంచిగానే చూశానయ్యా. ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను. నేను రంగు కలిపి కొట్టించిన డోరు ఏదో ఓనరుకే తెలిసేది కాదు.

ఫిబ్రవరి 6

నాలుగోది. కాదన్నాడు.

ఫిబ్రవరి 8, శనివారం

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. నా భార్య ప్రేమమణి లీవు పెట్టి తీసుకెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలు. లోపలి లెన్సు టీ నీళ్ళ రంగుకి తిరిగిందట. అందుకే నీలం సరిగా తెలియడం లేదట. ఎరుపులో నీలం పాలు ఎంతో తెలియకపోతే నేను ఇక ఆ రంగులు కలిపే స్టూలు మీద కూర్చుని ఏం చేయాలి? ఆ మాట డాక్టరుని అడగలేదు. ఇరవయ్యో తారీఖు కుడి కన్ను ఆపరేషన్. ఎడమది రెండు నెలలాగి. ఈలోపు రెండు కళ్ళకీ రంగులు తేడాగా కనిపిస్తాయి, కంగారు పడొద్దు అన్నాడు. స్కూటర్ ముట్టుకోవద్దన్నాడు.

దారి పొడుగునా ప్రేమమణి నడుపుతుంటే వెనక కూర్చున్నాను. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఎవరో చూసి నవ్వారు. నవ్వుకోనీ.

షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రోజుతో సరి.

ఫిబ్రవరి 10, సోమవారం

ఆరు కార్డులు. షెడ్డు ఓనరు సత్యదేవ్ పిలిచాడు. వాళ్ళ నాన్న హయాంలో చేరాను నేను. ఈ అబ్బాయి నిక్కర్లతో స్ప్రే బూత్ చుట్టూ పరిగెత్తేవాడు. ఇప్పుడు అంకుల్ అంటూనే కుర్చీ చూపిస్తాడు, తను లేవడు. బయటి మనిషిని పిలిపిద్దామా అంకుల్, స్కానర్ పెట్టి రీడింగ్ తీస్తాడు అన్నాడు. పొడి మీద స్కానర్ ఏం చదువుతుంది, అది ఆనించడానికి నున్నటి గట్టి ముక్క ఉండాలి కదా బాబూ అన్నాను. శనివారం దాకా చూద్దాం అన్నాడు. ఆ తర్వాత స్కానర్ మనిషి వస్తాడు, స్టూలు మీద కూడా వాడే కూర్చుంటాడు. అది నాకు చెప్పనక్కర్లేదు.

వాడు వచ్చేలోపు ఈ కళ్ళతోనే ఒక్క ఎరుపు పట్టాలి. ఒక్కటి. తర్వాత పోతే పోయింది ఉద్యోగం.

ఫిబ్రవరి 11

ఏడు. విసుగొచ్చింది.

ఫిబ్రవరి 12, బుధవారం, సాయంత్రం

ఎనిమిదో కార్డు ఆయన ఒక్కసారి చూశాడు. బోనెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి ఎనిమిది కార్డులూ మంచం మీద పరిచాను. నాకు ఎనిమిదీ ఒకేలా ఉన్నాయి. భయమేసింది. నిజంగా భయమేసింది. ప్రేమమణి చపాతీ పిండి చేతులతోనే వచ్చి చూసింది. అన్నీ వేరేవేరేగానే ఉన్నాయండీ, మీకు తెలియట్లేదంతే అంది. ఆ తర్వాత, అసలు ఆ బొట్టు పెట్టుకున్నావిడని అడిగారా అంది.

అడగలేదు. ఎవరమూ అడగలేదు. ఎనిమిది కార్డుల దాకా తోచలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

హరికిషన్‌కి ఫోన్ చేస్తే అమ్మ అల్వాల్ ఇంట్లోనే ఉంటది పోండి అన్నాడు. తను ఊళ్ళో లేడు. ఆయన భార్య అనుపమ ఆఫీసుకి వెళ్ళింది. ప్రేమమణి స్కూటర్ నడిపింది. పదింటికల్లా చేరాం. వాళ్ళమ్మ దేవమ్మగారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి, నుదురు ఖాళీ. వచ్చిన పని చెప్పి కార్డులు చాప మీద పెట్టాను. భరిణె కూడా.

ఆమె కార్డులు ఒక్కొక్కటే తీసి చూసింది. తర్వాత నవ్వింది. డబ్బల కుంకుమ సూసి కలిపినవా అయ్యా, గది పొడి, బొట్టెట్లయితది అంది. నాకు అర్థం కాలేదు. ముందు మైనం రాయాలె, దాని మీద కుంకుమ అద్దాలె, ఇంటి పని చేస్తుంటె చెమటకు దిగుతది, పగటీలికి రంగు తిరుగుతది, మా పోరడు సూసింది గా రంగును అంది. గీ ముచ్చట నీకు తెల్వదా అంది.

తెలియదమ్మా. మా ఇంట్లో భరిణె లేదు. మా అమ్మ పెట్టుకోలేదు, మా అక్కలు పెట్టుకోలేదు, నా భార్య పెట్టుకోదు. యాభై ఎనిమిదేళ్ళు సికింద్రాబాద్‌లో బతికాను. వేల నుదుళ్ళ మీద చూసి ఉంటాను. ఒక్కసారి కూడా అది ఎలా పెడతారో చూడలేదు. ఆషర్‌దీ మా చర్చే. పొడికి పొడి రంగే కలిపాను. ఎనిమిది సార్లు కరెక్టుగా తప్పు చేశాను. దుఃఖమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

పెట్టి చూపిస్తారా అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆమె లోపలికెళ్ళి మైనం డబ్బీ తెచ్చింది. వేలికి రాసుకుంది. ఆ వేలు నుదుటి దాకా వెళ్ళి ఆగింది. నన్నెవ్వలు వద్దనలే, నా చెయ్యే పోతలేదు అంది. అరచేతిలో అద్ది చూసింది. గిట్ల కాదు, నుదురు తోలు వేరు అంది. కార్డు మీద అద్దింది. అది అసలే కాదు.

వద్దులెండమ్మా అని కార్డులు సర్దుతున్నాను. అప్పటిదాకా మెట్టు మీద కూర్చున్న ప్రేమమణి లేచి వచ్చి ఆమె ముందు కూర్చుంది. నాకు పెట్టండమ్మా అంది.

ప్రేమమణి మా చర్చి స్త్రీల సమాజం సెక్రటరీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సరదాకి స్టిక్కర్ పెట్టుకుంది. మా అమ్మ వారం రోజులు దాని చేతి అన్నం తినలేదు. నేను మా అమ్మ పక్కన నిలబడ్డాను. తీసెయ్, ఏమిటా వేషం అన్నాను. ఆ స్టిక్కర్ అది తలుపు వెనక అంటించింది. ఇల్లు మారేదాకా అక్కడే ఉంది.

దేవమ్మగారు నా వైపు చూసింది. నేను కార్డులు పక్కకి జరిపాను. ఏం మొహం పెట్టుకుని వద్దంటాను? మీ దాంట్ల పెట్టుకోరు గద బిడ్డా, తర్వాత పరేషానైతవు అంది. పర్వాలేదు, పెట్టండి, ఆయనకి పని ఉంది అంది ప్రేమమణి.

మైనం రాసింది. కుంకుమ అద్దింది. ఉంగరం వేలితో అంచు తిప్పి గుండ్రం చేసింది. చేస్తూ చేస్తూ ఆమె కళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం తప్పలేదు. తర్వాత ప్రేమమణిని ఎండలో కూర్చోబెట్టి చింతపండు ముందుకు తోసింది. ఇద్దరూ గింజలు తీశారు. నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని నా భార్య నుదురు చూశాను. అరగంటకి చెమట పట్టింది. పొడి ఎరుపు పోయింది. లోపలినుంచి ఒక ముదురు రంగు వచ్చింది. మెరూన్ కాదు, మెరూన్‌కి ముందే ఆగింది.

పట్టుకున్నాను అన్నాను. ప్రేమమణి కొంగుతో తుడుచుకుంది. మొత్తం పోలేదు.

మళ్ళీ తనే స్కూటర్ నడిపింది. సారీ అని వెనకనుంచి చెప్పాను. హెల్మెట్‌లో వినపడిందో లేదో.

ఫిబ్రవరి 16, ఆదివారం

సబ్బు పెట్టినా నుదుటి మీద మరక ఉండిపోయింది. పౌడర్ అద్దుకోమన్నాను. అద్దుకోలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య అక్సా, ఏంటక్కా ఆ ఎరుపు అని అడిగింది. మా ఆయన షెడ్డు రంగు అంటుకుంది అంటుందని ఎదురుచూశాను. బొట్టమ్మా, ఒక పెద్దావిడ పెట్టింది అంది. అని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుంది. అందరూ చెప్పుల దగ్గరికి నడిచారు. అనాల్సినవి ఇంటికెళ్ళి అనుకుంటారు.

ఫిబ్రవరి 17, సోమవారం

స్కానర్ మనిషి పదకొండింటికి వస్తాడన్నారు. ఏడింటికే షెడ్డు తెరిపించాను. మెరూన్ పెంచాను. నలుపు సూదిమొనంత. తూకం అంకెలు ఆషర్ చదివి చెప్పాడు, ఎందుకని అడగలేదు. మంచి పిల్లాడు. కార్డు పదింటికి గేటు దగ్గర పెట్టాను. ఈసారి చూడలేదు. చూసినా నాకు తెలిసేది తక్కువ.

హరికిషన్ కార్డు తీసుకున్నాడు. తిన్నగా చూడలేదు. మా వాచ్‌మన్ పాత స్కూటర్ గోడకి ఆనించి ఉంది. దాని ముందు వంగి, కార్డు భుజం వెనక పట్టుకుని అద్దంలో చూశాడు. అంత ఖరీదు బండి ఓనరు.  గిదే అన్నా అన్నాడు. కార్డు నా చేతిలో పెట్టి గేటు బయటికి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

సత్యదేవ్‌కి కళ్ళ సంగతి చెప్పేశాను. నాకు దసరా అప్పటినుంచి తెలుసు అంకుల్ అన్నాడు. మరి ఎందుకు ఊరుకున్నావయ్యా? అడగలేదు. ఆపరేషన్ చేయించుకుని రండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా చెప్పాక ఒళ్ళు తేలికైంది. మధ్యాహ్నం స్టూలు మీదే నిద్రపోయాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ ఆపరేషన్. పేజీ పైన వాక్యం చదువుదామనుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కట్టు విప్పారు. తొమ్మిదో కార్డు జేబులోనే ఉంది. కుడి కన్నుతో ఒక ఎరుపు, ఎడమ కన్నుతో ఇంకో ఎరుపు. రెంటికీ పోలిక లేదు. ఆ రోజు నీ నుదుటి మీద ఉన్నది ఇందులో ఏది అని ప్రేమమణిని అడిగాను.

నేను అద్దం చూసుకోలేదుగా అంది.