పైపంత వాల్వు

నేను నీ తల్లిని, డెబ్బై ఎనిమిదేళ్ల దాన్ని. నీ కూతురితో ఒక్క గదిలో కులాసాగానే ఉన్నాను.

"తప్పు నాదేనని రాసిచ్చి ఉద్యోగం నిలబెట్టుకో" అని నువ్వు దానికి రాసిన కార్డు కింది వాటా దర్జీ నాకు చదివి వినిపించాడు. ఏం తప్పు చేసిందిరా అది? ఫ్యాక్టరీలో స్టీము పైపులకి ఏ సైజు వాల్వు కావాలో ఎంచడం దాని పని. పారే స్టీమునీ, ఒత్తిడినీ లెక్కగట్టి రెండంగుళాలది చాలంది. "పైపు నాలుగంగుళాలైతే వాల్వూ అంతే ఉండాలి" అని మేనేజరు పెద్దది కొన్నాడు. అది రవ్వంత తెరిస్తే స్టీము ఎక్కువైపోతోంది, మూస్తే చాలడం లేదు. రోజుల తరబడి గడగడ కొట్టుకుని లోపల అరిగిపోయింది. నింద మాత్రం నీ కూతురి మీద!

నిన్న ఆ మేనేజరే, తప్పు దానిదేనన్న కాగితం మీద సంతకం కోసం గదికొచ్చాడు.

"మనిషిని వదిలేసి గుమ్మాన్ని కొలిచి చొక్కా కుట్టిస్తావా నాయనా?" అన్నాను.

"మీకివన్నీ తెలీవు మామ్మగారూ."

"నీకు తెలుసుగా, మరి ఆ కాగితం మీద నీ పేరే రాసుకో!"

కోడలి దగ్గు తగ్గిందా? నా ఉన్ని శాలువా పంపించు. నీ కార్డు దాని కంట పడకముందే పొయ్యిలో పెట్టేశాను. సంతకం పెట్టొద్దని ఇంకోటి రాయి, అదే దాని చేతికిస్తాను. కోడలికీ పిల్లలకీ నా ఆశీస్సులు. నీకు, ఆ కార్డు అందాకే.

నా వేలిముద్ర.
సాక్షులు: ఇది రాసిన దర్జీ, పక్క గది నర్సు.