పార్కులోని కర్ర నేలపై రబ్బరు పరచవద్దని

ఉద్యానవనాల ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పార్కులోని కర్ర పఠన మందిరము నేలపై రబ్బరు పట్టాలు పరచు ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

పార్కు గేటు ఎదుట బట్టలు కుట్టుకొని బతికే దర్జీ మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు మందిరమును తమ శాఖ వారు కలప కోసమే పెంచిన తోటల నుంచి కర్ర తెప్పించి, సిమెంటు జోలికి పెద్దగా పోకుండా, చెట్ల నడుమ కట్టించినారు. కొట్టిన చెట్లకు బదులు మొక్కలు కూడా నాటించినారు. మెచ్చుకోదగిన పని.

2. ఎవరు నడిచినా ఆ నేల టకటకమని మోగుచున్నదనియు, చదువుకొనువారికి ఇబ్బందిగా ఉన్నదనియు ఫిర్యాదులు అందిన మాట వాస్తవము. మోగుతుంది, కాదనను. అందుచేత నేలంతా మందపాటి రబ్బరు పరిపించెదరని తమ ఆఫీసు బోర్డుకు నోటీసు అంటించినారు. అది చదివినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

3. నా భార్యకు జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా గోడకు వీపు ఆనించి, గుమ్మం కేసి చూస్తూ కూర్చుంటుంది. వెనుక నుంచి ఎవరు చెయ్యి వేసినా ఉలిక్కిపడుతుంది, నేను వేసినా అంతే. నేనూ మిషను తొక్కుతూ మాటిమాటికీ తలెత్తి ఆమెను చూస్తుంటాను, కొలతలు తప్పుతాయి, జనం తిడతారు. ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని తెలుసు.

4. ఆ మందిరంలో మాత్రం ఆమె చెప్పులు విడిచి, గుమ్మానికి వీపు పెట్టి, కిటికీలోంచి చెట్లను చూస్తూ కూర్చుంటుంది. ఎవరి అడుగు పడినా ఆ కర్ర ఆమె పాదాలకు చెబుతుందట. మొన్న నేను లోపలికి వెళ్తుంటే తల తిప్పకుండానే, "వచ్చారా? ఏంటా పరుగు, ఎవరైనా తరుముతున్నారా?" అంది. అయ్యా, నాకు ఏడుపు ఆగలేదు.

5. ఈ సంగతి తమ ఆఫీసు గుమాస్తా గారికి విన్నవించగా, "వినపడని మనిషికి చప్పుడుతో పనేంటయ్యా? రబ్బరేస్తే ఆవిడకేం తేడా?" అన్నారు. "తేడా ఆవిడకేనండీ, మనకి కాదు" అన్నాను. "రాసిచ్చి వెళ్ళు" అన్నారు. రాస్తున్నాను.

6. కావున నేల మొత్తం కాకపోయినా, గుమ్మం నుంచి కిటికీ బల్ల వరకు ఒక మనిషి నడిచే మేర వదిలివేయించ ప్రార్థన. రబ్బరుకు గీత నేనే గీసి, నేనే కత్తిరించి ఇస్తాను. నేను కూడా ఇకమీదట పరుగెత్తను, నడుస్తాను.

తమరు స్వయముగా దయచేసి, బూట్లు విడిచి, ఆ నేలపై కళ్ళు మూసుకొని కాసేపు నిలబడి, పిమ్మట ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతానికి కుదురు లేనివాడు,
గేటు ఎదుటి దర్జీ

తా.క.: ఇది ఆ మందిరంలోనే, ఆమె పక్కన కూర్చుని ముగిస్తున్నాను. ఇప్పుడే నా మోచెయ్యి తట్టి, "ఎవరో నలుగురైదుగురు వచ్చారండీ. ఏదో బరువు మోసుకొస్తున్నారు, చూడండి" అంది. తిరిగి చూశాను. రబ్బరు చుట్టలు దించుతున్నారు. సరిగ్గా చెప్పానా లేదా అని ఆమె నవ్వుతూ నా పెదవుల వంక చూస్తోంది. అయ్యా, ఏమని చెప్పమంటారు?