దూలాల మీది పొడి

మొయినాబాద్,
డిసెంబరు, 1943

తమ్ముడు ప్రేమదాసుకు, ప్రభువు కాపుదలలో క్షేమమని తలుస్తూ అక్క రాయునది.

మీ గుండీల కార్ఖానాలో ప్లాస్టిక్ పొడి కుప్ప మీద నిప్పురవ్వ పడ్డా అంటుకోలేదనీ, అందుకే ఎవరికీ భయం లేదనీ రాశావు. నాకు నమ్మకం కుదరక జొన్నపిండితో చూశాను. కుప్పగా నిప్పుల మీద పోస్తే మాడి ఊరుకుంది. అదే పిండిని అరచేతిలో పెట్టి మంట మీదుగా ఊదితే భగ్గుమని లేచింది.

అవ్వ పరుగున వచ్చింది. "పిండితోని గివేం ఆటలే, కనుబొమ్మలు కాలినయి సూడు" అన్నది. నిజమే, కాలాయి.

కుప్పలో మండనిది గాలిలో ఎందుకు మండుతుంది? ప్రతి రేణువుకూ చుట్టూ గాలి అందుతుందనా? మీ ఇంజనీరును అడిగి రాయి.

కానీ అది తర్వాత. క్రిస్మస్‌కు మన ఇంటి బూజు దులిపినట్టే, శనివారం కార్ఖానా దూలాల మీది పొడి దులుపుతానన్నావు. కింద అచ్చులు కాచే పొయ్యి మాత్రం ఆర్పరన్నావు. ముందు దాన్ని ఆర్పించు. పొడిని దులపకు, తడిగుడ్డతో తుడువు.

టపాలో ఆలస్యమవుతుందని, పట్నం బస్సెక్కుతున్న బాలప్ప మామ చేతికి ఇది ఇస్తున్నాను. ఆయన వచ్చేసరికే నువ్వు నిచ్చెన మీద ఉంటే, దిగిరా. చీపురు కదపకుండా దిగిరా.

నీ అక్క