టేకు బోర్డు మీద ఒక్క పేరు

6 జనవరి 1958, కర్నూలు

ఈ రోజు గేమ్స్ కమిటీ మీటింగు. మా కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టు వేసి ఈ మార్చికి పదేళ్ళు. కాలేజీ డే నాడు గేమ్స్ రూమ్ గోడకు టేకు బోర్డు బిగిస్తారట. పదేళ్ళలో కాలేజీకి ఆడినవాళ్ళలో అందరికంటే గొప్ప గార్డు ఎవరో తేల్చి, ఆ ఒక్క పేరు బంగారు రంగుతో రాయిస్తారట. గార్డే ఎందుకని ప్రిన్సిపాల్ అడిగారు. కింది నుంచి బంతి తెచ్చేదీ, అది ఎవరి చేతికి పోవాలో తేల్చేదీ గార్డేనని, ఆట నడిపేది వాడేనని నేనే లేచి చెప్పాను. ఇప్పుడు ఇదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, కమిటీ సెక్రటరీని కూడా నేనే.

ఆ పేరు నాది కావాలి. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

9 జనవరి

రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఈ ఊళ్ళో మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు బోర్డు దొరికింది. బురుజు దగ్గర కాఫీ హోటల్లో రెండు బల్లల దగ్గర రెండు పార్టీలు. ఒక బల్ల నాది. రెండోది ఏసురాజుది.

1951-52లో మేమిద్దరం కాలేజీ గార్డులం. నేను కెప్టెన్ని. ఆ ఏడే కప్పు తెచ్చాం. ఫైనల్లో పందొమ్మిది పాయింట్లు నావి. స్కోర్‌బుక్కు ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఏసురాజువి రెండు. రెండంటే రెండే. అయినా ఊళ్ళో సగం మంది వాడి పేరే చెబుతారు. ఒక ప్లీడరు గుమాస్తా నేను వింటున్నానని తెలిసే నా గురించి అన్నాడు, కంబన్నదేముందిలేప్పా, ఆ పిల్లోడు తెచ్చి చేతిలో పెడతాంటే ఈయన బుట్టలో ఏస్తాండె, అంతే కదా అని. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నా కాఫీ సగం అట్లాగే వదిలేసి వచ్చేశాను.

10 జనవరి

స్కోర్‌బుక్కులో బంతి వేసినవాడి పేరే రాస్తారు. అందించినవాడి పేరు రాయరు. ఎవరు పెట్టిన పద్ధతో గానీ నాకు చాలా మేలు చేశాడు.

17 జనవరి

ప్రిన్సిపాల్‌కు ఏం తోచిందో, కోర్టుకు నీళ్ళు పట్టే పెద్ద ఈరన్నను పిలిపించి అడిగారు. మాది మొరం కోర్టు. పొద్దున్నే కడవలతో నీళ్ళు చల్లి, రోలరు లాగకపోతే మధ్యాహ్నానికి నెర్రెలు విచ్చుతుంది. పదేళ్ళుగా ఆ పని ఈరన్నదే. ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

ఏసురాజే సారూ, ఇంగెవురుండారు అన్నాడు. ఆ పిల్లోనికి ఈ నేల తెలుసు. నీళ్ళు యాడ ఎక్కువ తాగింటాది, బంతి యాడ లేస్తాది, యాడ చస్తాది, శానా బాగా తెలుసు. నాతో పాటు కడవ మోసినాడు కదా అన్నాడు.

కడవలు మోసే ప్లేయరా అని ప్రిన్సిపాల్ నవ్వారు. నేనూ నవ్వాను. రూముకు వచ్చి గేమ్స్ కమిటీ రూల్స్ పుస్తకం తీశాక నవ్వు ఆగింది. పదకొండో రూలు: ఆటస్థలంలో పని చేసి, డబ్బు రూపంలో గానీ మరో రూపంలో గానీ ప్రతిఫలం తీసుకున్నవాడు అమెచ్యూర్ కాడు. కాలేజీ తరఫున ఆడటానికి అర్హుడు కాడు.

ఆ కడవ వాడి నెత్తికెత్తింది నేనే. అప్పుడు హాస్టల్ మెస్సు సెక్రటరీని. ఏసురాజుది వేంపల్లె అవతల పల్లె. చర్చి వాళ్ళు. తండ్రి లేడు, తల్లి కృపమణి కూలికి పోయేది. మెస్సు ఫీజు కట్టలేక చదువు మానేస్తానన్నాడు. తెల్లారుతూనే ఈరన్నతో కలిసి కోర్టుకు నీళ్ళు పట్టు, రెండు పూటలా భోజనం పెట్టిస్తానన్నాను. వెనక వసారాలో వాడికి వేరుగా ఆకు వేసేవాళ్ళు. మంచి పని చేశానని నెల రోజులు మురిసిపోయాను. ఈ రూలు అప్పుడు నాకు తెలియదు. తెలిసినా మాట్లాడేవాణ్ణి కాను. కప్పు కావాలి కదా.

ఈరన్న నోటిమాట కమిటీకి చాలదు. పోటీలో ఉన్నవాణ్ణి, నేను చెబితే బాగుండదు. వాడే చెప్పాలి.

19 జనవరి

ఏసురాజు ఇప్పుడు వేంపల్లె దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టరు. వాడికి ఉత్తరం రాశాను. కాలేజీ డే సావనీర్‌కు నాలుగు పేజీలు రాసి పంపమన్నాను. మన కోర్టు నీకంత బాగా ఎలా తెలిసిందో రాయి, ఆ రోజుల్లో ఎవరెవరు ఏ విధంగా సాయం చేశారో అదీ వివరంగా రాయి అన్నాను. రెండుసార్లు చదువుకున్నాను. చాలా ఆప్యాయంగా వచ్చింది.

28 జనవరి

వచ్చింది. సరిగ్గా నాలుగు పేజీలు. అక్షరాలు ఇప్పటికీ బడిపిల్లవాడివే.

కోర్టులో తూర్పు మూల ముందు ఆరి పొడి తేలుతుందట, అక్కడ బంతి లేవదట. ఎండ పడమటికి తిరిగాక గోడనీడ పడే చోట బంతి మెత్తగా లేస్తుందట. అవతలి టీముకు అది తెలియదు కాబట్టి వాళ్ళను మెల్లగా తూర్పు మూలకు తోలుకుపోయేవాడట. ఇన్నేళ్ళు పక్కన ఆడాను. ఈ సంగతి నాకిప్పుడు తెలిసింది.

ఆఖరి పేజీ అంతా నేనే. నీళ్ళు పట్టినందుకు కంబన్న నాకు రెండు పూటలా అన్నం పెట్టించినాడు, ఆ అన్నమే లేకుంటే చదువూ లేదు, ఆటా లేదు, ఈ ఉద్యోగమూ లేదు అని రాశాడు. నన్నడిగితే బోర్డు మీద ఉండాల్సింది ఆయన పేరే అనీ రాశాడు.

మొదటి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాను. రెండోదాని కింద గీయలేదు.

3 ఫిబ్రవరి

కమిటీలో ఉత్తరం చదివి వినిపించాను. ఎర్రగీత దగ్గర కొంచెం ఆగాను. రూల్స్ పుస్తకం ఎవరో ఒకరు తీస్తారని తెలుసు. ప్రిన్సిపాలే తీశారు. పాపం, మంచి కుర్రాడు, కానీ రూలు రూలే అన్నారు. ఏసురాజు పేరు లిస్టులోంచి కొట్టేశారు. కాలేజీకి ఆడినందుకు వాడికిచ్చిన కలర్స్, అంటే బ్లేజరూ సర్టిఫికెటూ, చెల్లవని పుస్తకంలో రాసి, బయటికి పొక్కనివ్వద్దన్నారు. నేను చాలా విచారం వెలిబుచ్చాను. నా పెద్దమనసును మెచ్చుకున్నారు. కప్పు మాట ఎవరూ ఎత్తలేదు. అది అద్దాల బీరువాలో భద్రంగా ఉంది.

బోర్డు మీద నా పేరు ఖాయమైంది. అందరూ చేతులెత్తారు.

5 ఫిబ్రవరి

హోటల్లో నా బల్ల దగ్గర ఇద్దరున్నారు. ఏసురాజు బల్ల దగ్గర చోటు లేక నిలబడి తాగుతున్నారు. పొక్కనే పొక్కింది. కాగితంలో కొట్టేస్తే ఆడింది ఆడనట్లు అయితాదా అని ఆ గుమాస్తా. వాడు కడుపుకు తిన్నది కూడా తప్పేనా అని ఇంకొకడు. ఇంతా చేస్తే నాకేం మిగిలింది?

ఇంటికి రాగానే కమిటీ సెక్రటరీ హోదాలో ఆ మిషన్ స్కూలు మేనేజరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మీ డ్రిల్లు మాస్టరు చూపించిన మా కాలేజీ కలర్స్ సర్టిఫికెట్ ఇక చెల్లదని. ఎవరూ రాయమనలేదు. ఆ సర్టిఫికెట్ చూసే వాడికి ఉద్యోగం ఇచ్చారని నాకు తెలుసు. తెలిసే డబ్బాలో వేశాను. వేసి వచ్చాక ఆకలేసింది. బాగా తిన్నాను.

12 ఫిబ్రవరి

ఏమీ లేదు. పోస్టులో కూడా.

21 ఫిబ్రవరి

ఏసురాజు వచ్చాడు.

కోర్టు పక్కన నా కోసం రెండు గంటలు నిలబడ్డాడట. చిక్కిపోయాడు. కాలేజీ బ్లేజర్ పాత పేపర్లో చుట్టి తెచ్చాడు. సర్టిఫికెట్ చెల్లదని ఉద్యోగంలోంచి తీసేశారట. ఎవరు రాసి పంపినారో తెలీదన్నా, ఆఫీసోళ్ళయి ఉంటారు అన్నాడు. సంతకం ఇంగ్లీషులో గీకాను, వాడు పోల్చుకోలేదు. పోల్చుకున్నా నమ్మేవాడు కాడేమో. నెలాఖరుకు స్కూలు వాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చేయాలట. భార్య రత్నమణికి ఏడో నెల.

దారి ఒకటుండాదన్నా అన్నాడు. ఆ అన్నం పనికి కూలిగా ఇచ్చింది కాదని, స్నేహంగా పెట్టించిందని అప్పటి మెస్సు సెక్రటరీ రాసిస్తే ఉద్యోగం నిలబెడతానని మేనేజరు మాటిచ్చినాడట. నువ్వొక్క మాట రాసిస్తే సాలన్నా, ఇంగేమీ అడగను అన్నాడు.

ఒక్క మాట. రాసిస్తే పదకొండో రూలు వాడికి వర్తించదు. వాడి పేరు మళ్ళీ లిస్టులోకి వస్తుంది. బోర్డు రాసే మనిషి నా పేరులో మొదటి అక్షరానికి బంగారు రంగు వేసి ఉన్నాడు.

ఏడేళ్ళయింది ఏసురాజూ, నాకేమీ గుర్తులేదు అన్నాను.

వాడికి అర్థం కాలేదు. వెనక వసారాలోకి వస్తాంటివి కదన్నా, మజ్జిగ పోసినారా లేదా అని అడుగుతాంటివి కదా అని గుర్తుచేశాడు. మెస్సులో నూటయాభై మంది తినేవాళ్ళు, ఎవర్నని గుర్తుపెట్టుకునేది అన్నాను. అప్పుడు అర్థమైంది. మొహంలో కనిపించింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

పోతూ పోతూ గోడ వారగా ఉన్న బంతి తీశాడు. ఒకసారి నేలకు కొట్టి, నా వైపు చూడకుండానే వదిలాడు. బంతి వచ్చి నా చేతుల్లో పడింది. చేతులు చాపానన్న సంగతి అది పడ్డాకే తెలిసింది. తలెత్తేసరికి వాడు గేటు దాటుతున్నాడు.

22 ఫిబ్రవరి

ఆ మాట ఒక కాగితం మీద రాశాను. నేనే పెట్టించాను, స్నేహంగా పెట్టించాను, దానికీ పనికీ సంబంధం లేదు. సంతకం పెట్టాను. ఈ డైరీలోనే పెట్టాను.

25 ఫిబ్రవరి

కాగితం డైరీలోనే ఉంది.

1 మార్చి

ఆ స్కూల్లో కొత్త డ్రిల్లు మాస్టరు చేరాడట. ఏసురాజు అక్కడే ఏదో గనిలో రాళ్ళు మోస్తున్నాడట. ఇప్పుడీ కాగితం ఎవరికీ పనికిరాదు. అయినా చింపలేదు.

8 మార్చి

కాలేజీ డే. బోర్డు బిగించారు. శాలువా కప్పారు. పాత విద్యార్థుల జట్టుకు నేనే గార్డును. తూర్పు మూలకు పోయిన ప్రతిసారీ బంతి నేలకు అతుక్కున్నట్లు లేవలేదు. నాలుగు పాయింట్లు. కుర్రాళ్ళు మర్యాదకు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అందరూ పోయాక ఈరన్న వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. వాడికి చదువు రాదు. ఏం పేరు రాసినారప్పా అని అడిగాడు.

ఏసురాజు అన్నాను.

నాకెరికే అన్నాడు. రాయించినది నువ్వే కదా, నీ కడుపు సల్లగుండ అన్నాడు. పై గుడ్డ తీసి నా పేరు మీది దుమ్మంతా మెల్లగా తుడిచాడు. ఎందుకట్లా చెప్పానో నాకు తెలియదు. జాలిపడి మాత్రం కాదు.

11 మార్చి

ఈరన్న బోర్డు కింద కనకాంబరాలు పెట్టాడు. అవి చూసి క్లాసులో పిల్లలు నాకోసం లేచి నిలబడ్డారు.