మా అబ్బా మాట

దాచేపల్లి, జూలై 8.

డాక్టర్ దేవిక గారికి, లారీ మెకానిక్ సుహైల్ కోపంతో రాయునది.

వాట్సాప్ కోర్టులో చెల్లుతుందో లేదోనని రిజిస్టర్ పోస్టు చేస్తున్నాను. మా అబ్బా సత్తార్ చేతిలో టీ గ్లాసు జారి, మూతి వంకరపోతే, గంటలో నరసరావుపేట తెచ్చి మీ ఎమర్జెన్సీలో పడుకోబెట్టాను. మీరు ఇంజెక్షన్ ఇవ్వకుండా ‘చివరిసారి ఎప్పుడు బాగున్నాడు?’ అని ముప్పావుగంట అడిగారు. ఇంటికొచ్చి తొమ్మిది రోజులు. చెయ్యి లేచింది, మాట రాలేదు. దానికి బాధ్యులు మీరే. వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తాను.

ఇట్లు,
సుహైల్

తా.క. మీ నర్సు మెహ్‌జబీన్ చానా మంచిది. ఆమెను కేసులో కలపడం లేదు.

*

నరసరావుపేట, జూలై 12.

సుహైల్ గారికి నమస్కారం.

ఆ ఇంజెక్షన్ మెదడులో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగిస్తుంది. జబ్బు మొదలై నాలుగున్నర గంటలు దాటాక గుడ్డిగా ఇస్తే మెదడులో రక్తస్రావమై మనిషే పోవచ్చు. అప్పుడు మీరు వేసే కేసు ఇంకా పెద్దది. అందుకే టైం అడిగాను. మీరు ‘పొద్దున’ అన్నారు. మీ అమ్మ జమీలా గారు ‘నికా అయినకాడ్నించీ బాగలేడు’ అన్నారు. చివరికి తేలిందేమిటంటే, మీ అమ్మగారికీ ఆయనకీ మూడు రోజులుగా మాటల్లేవు. గ్లాసు జారకముందే ఆయన మాట పడిపోయి ఉండొచ్చు, ఎప్పుడో ఎవరికీ తెలియదు. అలాంటివాళ్లకు ఎమ్మారై చూసి ఇవ్వొచ్చని ఈమధ్య పరిశోధనల్లో తేలింది కాబట్టి, అది తీయించాకే ఇంజెక్షన్ ఇచ్చాను. గురువారం ఆయన్ను తీసుకురండి.

మీ మేలు కోరే,
దేవిక

తా.క. ముప్పావుగంటలో సగం, ఆ అలక ఎవరు మొదలుపెట్టారో మీరూ మీ అమ్మగారూ తేల్చుకోవడానికే పోయింది.

*

దాచేపల్లి, జూలై 18.

డాక్టర్ గారికి, రెండింతల కోపంతో సుహైల్.

నిన్న మమ్మల్ని బయట నిలబెట్టి అబ్బాతో అరగంట కూర్చున్నారు. లోపలినుంచి మీ నవ్వు వినపడింది. బయటికొచ్చి, ‘భయం లేదు, అంతకుమించి చెప్పను, పేషెంటు వద్దన్నారు, చట్టం ఒప్పుకోదు’ అన్నారు. మాటరాని మనిషి వద్దని ఎట్లా అన్నాడు? సంతకం పెట్టిన కొడుకుకు చెప్పనివ్వని చట్టం ఏంది? మీరు తప్పు దాస్తున్నారు. సోమవారం లాయరు గోపాలకృష్ణయ్య గారితో నోటీసు పంపిస్తాను.

ఇట్లు,
సుహైల్

తా.క. మూడు రోజులు పంతం పట్టిన అమ్మీ ఇప్పుడు అరగంటకోసారి ఆయన గడ్డం పట్టుకుని ‘ఏమయ్యా, పలకవా?’ అంటోంది. నాకు చూడబుద్ధి కావడం లేదు.

*

దాచేపల్లి, జూలై 21.

దేవిక గారికి, తల దించుకుని సుహైల్ రాయునది.

నోటీసు ఆపేశాను. లాయరు సంగతి విని అబ్బా నిన్న షెడ్డుకు వచ్చాడు. లారీ కింద పని చేస్తున్న నా పక్కన చతికిలబడి, ‘ఒరేయ్, ఆ డాక్టరమ్మ జోలికి పోమాక. నాకు మాటొచ్చి పది రోజులైంది. ముప్పై ఏళ్లలో మీ అమ్మ నన్ను ఇన్నిసార్లు పిలవలేదురా. ఇంకో నాలుగు రోజులు ఆగు’ అన్నాడు. ఆ గొంతు విన్నాక మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు. పానా పక్కన పడేసి ఏడ్చాను. నాతో అన్ని తిట్లు తిని కూడా ఆయన మాట దాచారు. క్షమించండి.

ఇట్లు,
సుహైల్

తా.క. అమ్మీకి చెప్పకుండా ఉండలేక వంటింట్లోకి పోయాను. నేను నోరు తెరవకముందే ఆమె చెప్పింది: ఆయన కోళ్లకు నూకలేస్తూ వాటితో కబుర్లాడటం వారం కిందటే వినిందట. ‘మీ అబ్బాకు చెప్పమాక. పిలిపించుకోనీ. నాకూ బానే ఉంది’ అంటోంది. దాచిపెట్టడానికి మీకు చట్టం ఉంది. వీళ్లిద్దరి మధ్య కూర్చుని అన్నం తినే నాకు ఏ చట్టం ఉందో కాస్త చెప్పండి.