డిక్కీలో ఉండిపోయిన వంతెన

చిన్నా,

పొద్దున చూస్తే కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. రిమోట్ నొక్కినా డిక్కీ తెరుచుకోవడం లేదు. పదకొండింటికి నువ్వు అందరి ముందు చూపించి మాట్లాడాల్సిన వంతెన నమూనా అందులోనే ఉంది. కంగారు పడకు. రిమోట్ వెనక చిన్న మీట జరిపితే మామూలు తాళంచెవి బయటికొస్తుంది. దాంతో డ్రైవర్ తలుపు తెరువు. వెనక సీటు పైన ఉన్న పట్టీ లాగితే సీటు ముందుకు వాలుతుంది. అటునుంచి దూరి అట్టపెట్టె మెల్లగా లాక్కో. మంచి చొక్కా ఆ తర్వాతే వేసుకో. టాక్సీలో వెళ్లు.

తప్పంతా నీదే అనుకుంటావు, నాకు తెలుసు. నిన్న సాయంత్రం నువ్వు కారులో లైటు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ మాట్లాడుకోవడం కిటికీలోంచి చూశాను. "ఇంట్లో గోడలు కూడా నా నత్తిని వెక్కిరిస్తాయే అక్కా" అన్నావుగా, అందుకే పిలవలేదు. నువ్వు పైకొచ్చాకా లైటు వెలుగుతూనే ఉంది. చెబితే నేను చూశానని నీకు తెలిసిపోతుందని చెప్పలేదు. నువ్వు పడుకున్నాక ఆర్పుదామనుకుని నేనే ముందు నిద్రపోయాను.

నేనే తీసిపెట్టేదాన్ని, కానీ ఆరింటికే డ్యూటీ, వెళ్తున్నా.

అక్క

కారు అద్దాలు మూసున్నాయి, ఒక్క మాటా వినలేదు. వివరిస్తూ కదిలిన నీ చేతులు మాత్రం ఎక్కడా తడబడలేదు.