జిల్లేడు మడి

ఆదోని,
ఆదివారం

అమ్మకు,

ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేసినాను. అందుకే రాస్తున్నాను. గౌరక్కా, అమ్మకు ఒక్క మాట కూడా దాటెయ్యకుండా చదివి వినిపించు.

హాస్టల్ వెనక జాగాలో పక్షులకు, సీతాకోకచిలుకలకు పనికొచ్చే తోట వేద్దామని, మొక్కలు ఎంచే పని మేడం నాకిచ్చింది. నర్సరీ పూలు వద్దని, మన నేలలో పుట్టినవే తెచ్చి పెట్టినాను. తంగేడు, తుమ్మి, జిల్లేడు. 'స్థానిక మొక్కలు' అనే మాట పుస్తకంలో చూసి, బాగుందని రెండుసార్లు పైకి పలికినాను. జిల్లేడాకు తినే చారల పురుగులే తర్వాత సీతాకోకచిలుకలవుతాయి. ఎనిమిది ఉండేవి. రోజూ పొద్దున చూసుకునేదాన్ని.

పోయిన గురువారం నేను క్లాసులో ఉండగా నువ్వొచ్చినావు. ఊరికే కూర్చోలేక, బిడ్డ మడి పిచ్చిమొక్కలతో నిండిపోయిందని కొంగు దోపి అంతా పీకేసినావు. ఇరవై ఏళ్లు ఒకరి చేలలో కలుపు తీసిన చేతులు. వాటికి నేనేమీ చెప్పి ఉండలేదు కదా.

మేము వచ్చేసరికి మడి నున్నగా ఉంది. "ఎవరు పీకింది?" అని మేడం అడిగింది.

"ఎవరో కూలామె, మేడం" అన్నాను.

కోపంతో కాదమ్మా, సిగ్గుతో. నువ్వు కొళాయి దగ్గర జిల్లేడు పాలు కడుక్కుంటున్నావు. వినలేదేమో అనుకున్నాను. కానీ నాకోసం తెచ్చిన రొట్టెలు నా చేతికియ్యకుండా, "జ్యోత్స్నకియ్యప్పా" అని వాచ్‌మన్ జయన్నకిచ్చి పోయినావు. పురుగులు పోయినాయని ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. రోజూ కొత్త మాటలు నేర్చుకుంటాను. దీనికి మాట దొరకలేదు.

నీ జ్యోత్స్న


దేవనకొండ

పాపా జ్యోత్స్నా,

నేను సెప్పినట్టే గౌరి రాస్తాండాది. నీ జాబు వచ్చి పది దినాలాయె.

ఆ పురుగుల్ని సూసినా. నీ సెట్లు తింటాండాయి అనుకుంటి. అయినా సంపను మనసు రాలే. వక్కాకు సంచి ఖాళీ సేసి, ఆకులతో పాటు తెచ్చి హనుమన్న సేను గట్టున జిల్లేడు మీద ఇడిసినా. గట్టు సాపు సెయ్యమన్యాడు ఆయప్ప. "పది దినాలు తాళన్నా" అంటి. "ఏం సిద్దమ్మా, పురుగుల కాడ కూలికి కుదిరినావా?" అని నవ్వినాడు.

నిన్నటికి ఏడు ఎగిరిపోయినాయి. ఒకటి ఎండిపోయింది.

నువ్వన్న మాట ఇన్నా. అబద్ధం కాదులే, నేను కూలిదాన్నే. కానీ పాపా, ఆ పొద్దు నేను కూలికి రాలేదు.

వేలిముద్ర ఏసినా,
సిద్దమ్మ